వెర్నా విరగ్గొట్టిన షాఫ్టులు

వెర్నా ఆల్ట్‌మన్ షెడ్డులో ఏదైనా విరగబోతోందంటే మా ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది నాకే. ఆమె షెడ్డుకి ఎదురుగానే నా రొట్టెల కొట్టు, మాంసం కూరి కాల్చే పాస్టీలకి పేరు. పొద్దున్నే గుమ్మంలోంచి తల పెట్టి "ఇవాళ పాస్టీలు కాస్త ఎక్కువ చెయ్యి" అందంటే, మధ్యాహ్నానికి జనం మడత కుర్చీలు చంకన పెట్టుకుని వస్తారన్నమాట. గోధుమ కోతలు అయిపోయాక మా విమ్మెరాలో చూడటానికి ఏముంటుంది? మోళ్లు, ధాన్యం నింపే సైలోలు, సైలోల మీద అరిచే గలా చిలకలు. వెర్నా ఒక గొట్టాన్ని మెలిపెట్టి విరగ్గొడుతుందంటే మాకు అదే తిరునాళ్ళు.

ఆమె పని షాఫ్టులు చేయడం. ఇంజిను ముందుంటుంది, నెట్టే చక్రాలు వెనకుంటాయి, ఆ బలాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకెళ్లే పొడవాటి గొట్టం బండి కడుపు కింద గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అదే షాఫ్టు. ట్రాక్టర్లకీ, కోత యంత్రాలకీ, లారీలకీ నలభై ఏళ్లకు పైగా చేస్తోంది. తండ్రి దగ్గర నేర్చుకుంది. పెళ్లి చేసుకోలేదు. జుట్టు తనే కత్తిరించుకుంటుంది, అది చూస్తే తెలిసిపోతుంది. ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పదు. "చూద్దాం" అంటుంది. మనలాంటి వాళ్లం తప్పించుకోవడానికి ఆ మాట అంటాం. వెర్నా అందంటే నిజంగానే చూస్తుంది.

ఆమె చెల్లెలు గ్లెనిస్ కూతురు టీగన్. గొర్రెల ఉన్ని కత్తిరించే పని. వంగిన నడుము ఎత్తకుండా రోజంతా పని చేసే పిల్ల, ఆదివారం వస్తే మాత్రం తన యూట్ కిందే పడుకుంటుంది. యూట్ అంటే ముందు కారు, వెనక తొట్టి. టీగన్ దానికి వెయ్యి గుర్రాల బలమున్న ఇంజిను ఎక్కించి, ఈస్టరుకి విమానాలు దిగే పాత మైదానంలో జరిగే కార్ల పందేలకు తీసుకెళ్తుంది. యూట్‌కి పొడుగెక్కువ. కంపెనీ వాళ్లు అందుకే షాఫ్టుని రెండు ముక్కలు చేసి మధ్యలో రబ్బరు దిండు మీద బేరింగు పెట్టారు. అంత బలానికి ఆ రబ్బరు చిరిగి పేలికలైంది. అప్పుడు వెర్నా ఒకే పొడవాటి ఉక్కు షాఫ్టు చేసి ఇచ్చి, ఇంత వేగం దాటి తిప్పకు అని చెప్పింది. టీగన్ ఆ తర్వాత గేర్లు మార్చింది. వేగం దాటింది.

ఆ ఈస్టరుకి, మైదానం చివరికి చేరుతుండగా షాఫ్టు విరిగింది. ఊడితే పట్టుకోవడానికి కింద కట్టిన ఇనుప కడియాన్ని కూడా చీల్చుకుని, సగం షాఫ్టు రోకలి లాగా కారు నేలని బాదింది. కారు నేల విచ్చుకుంది. రోకలి వచ్చి టీగన్ సీటు కాలికి తగిలి ఆగింది. ఆమెకి తొడ మీద కమిలిన మచ్చ తప్ప ఇంకేమీ కాలేదు.

మర్నాడు నేను టీ పట్టుకెళ్లేసరికి షెడ్డులో అక్కాచెల్లెళ్లు నిలబడి ఉన్నారు. బల్ల మీద విరిగిన షాఫ్టు.

"ఆ కారు అమ్మెయ్యమని దానికి చెప్పక్కా. నా మాటైతే వినదు, నీ మాట వింటుంది."

"నేను చెప్పనే."

"ఎందుకు చెప్పవు? విరిగింది నువ్వు చేసిందే కదా!"

వెర్నా విరిగిన ముక్కని తన వైపు తిప్పుకుంది. "నేను చేసిందే. నేను చెప్పిన వేగం దాటింది అది. అయినా నేను చేసిందే."

"అయితే నువ్వే తేల్చు." గ్లెనిస్ చేతిలో కారు తాళాలు గలగలలాడుతున్నాయి. "వచ్చే ఈస్టరుకి అది మళ్లీ ఆ కారెక్కాలంటే, 'ఈ షాఫ్టు పక్కన నా పిల్లనైనా కూర్చోబెడతాను' అని నువ్వు నా మొహం చూసి చెప్పాలి. చెప్పలేకపోయావనుకో, కారు అమ్మేస్తాం. టీగన్ ఒప్పుకుంది."

"ఒప్పుకుందా?"

"ఏడ్చి ఒప్పుకుంది."

"చూద్దాం," అంది వెర్నా.

చూడటానికి ఆమెకి కోతలయ్యేదాకా తీరలేదు. జనవరిలో ఎండకి షెడ్డు రేకులు టపటపలాడుతుంటే మొదలుపెట్టింది. మొదట గ్లెనిస్‌నీ నన్నూ పిలిచి బట్టలారేసే తాడు తెచ్చింది. ఒక కొస నాకు, ఒక కొస చెల్లెలికి ఇచ్చి గుండ్రంగా తిప్పమంది. తిప్పాం. చిన్నపిల్లల తాడాట లాగే మధ్యలో పొట్ట వేసుకుని తిరిగింది.

"ఇప్పుడు దగ్గరికి జరగండి. తాడు పొట్టి చేసి పట్టుకోండి."

ఎంత తిప్పినా ఆ మూరెడు తాడు సరిగ్గా పొట్ట వేయలేదు.

"షాఫ్టూ అంతే. పొడుగైన కొద్దీ, సన్నమైన కొద్దీ, బరువైన కొద్దీ తొందరగా పొట్ట వేస్తుంది. వేసిందంటే ఇక ఆగదు. టీగన్‌ది పొడుగు తగ్గించలేం. లావు చేద్దామంటే కింద చోటు లేదు. మిగిలింది ఒకటే, దేంతో చెయ్యాలి అన్నది."

"ఈ వయసులో నాతో తాడాట ఆడించి చెప్పాలా ఈ ముక్క!" అంది గ్లెనిస్ రొప్పుతూ. కానీ తాడు వదల్లేదు. మళ్లీ ఒకసారి పొడుగు చేసి తిప్పి చూసింది.

దేంతో చెయ్యాలన్న దానికి మూడు దారులున్నాయి. ఉక్కు, అల్యూమినియం, కార్బన్. మూడోదాన్ని వెర్నా అంతవరకు చేత్తో ముట్టుకోలేదు. నల్లటి వెంట్రుకల్లాంటి పోగుల్ని జిగురులో ముంచి, గొట్టంలా చుట్టి, పొయ్యిలో కాలుస్తారట. మెల్‌బోర్న్‌లో అవి చేసే ఫాంగ్ అనే ఆయనకి ఫోను చేసింది.

"కొలత తప్పి పక్కన పడేసినవి ఉన్నాయమ్మా, పంపిస్తాను," అన్నాడాయన. "కాకపోతే ఎలా విరిగిందో నాకు చెప్పాలి. మా దగ్గర కొన్నవాళ్లు విరిగాక తిడతారే గానీ, ఎలా విరిగిందో ఒక్కరూ చెప్పరు."

ఆ మాటతో ఇద్దరికీ స్నేహం కుదిరింది.

మెలిపెట్టే యంత్రం వెర్నా సొంతంగా కట్టుకున్నదే. గొట్టాన్ని ఒక కొసన కదలకుండా బిగించి, రెండో కొసకి పొడవాటి చెయ్యి తగిలించి, ఆ చేతిని ట్రాక్టరు జాకీతో నెట్టిస్తుంది. ఎంత బలం పడుతోందో గుండ్రటి మీటరు చెబుతుంది. చుట్టూ రైలు పట్టాల కింద వేసే పాత యూకలిప్టస్ కర్ర దిమ్మెలు. జనం వాటి వెనక కూర్చుంటారు. మెలిపెట్టే ముందు గొట్టం పొడవునా ఒక సుద్దగీత గీయడం ఆమె పద్ధతి.

మొదట ఉక్కు. మీటరు ముల్లు ఎక్కుతుంటే సుద్దగీత మెల్లగా ఒరిగింది. తర్వాత గొట్టాన్ని తీగలా చుట్టుకుంది. పెంకులు పెంకులుగా రంగు రాలింది. ఎంతకీ విరగదు. మూలుగుతూ, వొంగుతూ, ఇక నావల్ల కాదని చెబుతూ చెబుతూ చివరికి నలిగింది.

"మా నాన్న కూడా ఇంతే," అన్నాడు సైలో దగ్గర తూకం వేసే కెవ్. "మూడేళ్లు పోతున్నాను పోతున్నాను అన్నాడు."

అల్యూమినియం గీత కొంచెమే ఒరిగింది. అతుకు పెట్టిన చోటికి సరిగ్గా పక్కన చిరిగింది. "అతుకు వేడికి పక్కనున్న లోహం మెత్తబడుతుంది," అని వెర్నా ఆ చిరుగులో వేలు పెట్టి చూసింది. అయినా దాన్ని కావలసినంత లావు చేస్తే యూట్ కింద పట్టదు. పక్కన పెట్టేసింది.

ఇక కార్బన్. ముల్లు ఎక్కుతోంది. గీత కదల్లేదు. ఉక్కు మూలిగిన చోటు దాటింది. గీత తిన్నగానే ఉంది. నేను పాస్టీ నోటి దగ్గర పెట్టుకుని కొరకడం మర్చిపోయాను. ఫట్‌మని చప్పుడు. గీతా లేదు, గొట్టమూ లేదు. రెండు కొసలకీ నల్లటి చీపుర్లు వేలాడుతున్నాయి.

జనం చప్పట్లు కొట్టారు. వెర్నా కొట్టలేదు. దిమ్మెల మీద కూర్చుని ఆ చీపురు వంక చాలాసేపు చూసింది.

"ఏమైందక్కా? అన్నిటికంటే అదే గట్టిది కదా?" అన్నాడు కెవ్.

"గట్టిదే. కానీ నోరు విప్పదు. ఉక్కు చచ్చేముందు నాకు చెబుతుంది. ఇది చెప్పదు. చెప్పనిదాని పక్కన పిల్లని ఎలా కూర్చోబెట్టను?"

గ్లెనిస్ విరగ్గొట్టడం చూడటానికి రాలేదు. సాయంత్రం వచ్చి విషయం విని, అంతా అయ్యాక ఒకటే మాట అడిగింది. "ఏది ఎలా విరిగితే నాకెందుకక్కా? విరిగాక ఏది నా పిల్లని కొడుతుంది, ఏది కొట్టదు? అది చెప్పు."

మర్నాడు పొద్దున్నే వెర్నా పాత కారు నేల రేకు ఒకటి కోసి తెచ్చింది. విరిగిన ముక్కల్ని ఒక్కొక్కటే లేతు యంత్రానికి తగిలించి, తిరుగుతూ రేకుని కొట్టేలా పెట్టింది. మేం దిమ్మెల వెనక చెవులు మూసుకున్నాం. ఉక్కు ముక్క మూడు దెబ్బల్లో రేకుని చింపి అవతలికి వచ్చింది. కార్బన్ ముక్క కొట్టిన కొద్దీ తనే అరిగి, పోగులు పోగులై, పాత చీపురు ఊడ్చినట్టు రేకుని ఊడుస్తూ ఉండిపోయింది. రేకు మీద గీతలు తప్ప ఏమీ లేవు.

అక్కడితో తేలిపోయిందనుకున్నాం. టీగన్ కూడా అనుకుంది, పెద్దమ్మని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఫాంగ్ కొలతలు రాసుకున్నాడు.

ఇక్కడే మేం ఒక పొరపాటు చేశాం. అది మా విమ్మెరా వాళ్లు తప్ప ఎవరూ చెయ్యరు. వెర్నా బల్ల మీది పాత ఉక్కు షాఫ్టు జిడ్డు తుడుస్తోంది. టీగన్ పక్కన కూర్చుని నా దగ్గర కొన్న కస్టర్డు కేకు ముక్క తింటోంది.

"ఈ గుంటలేంటే?"

"ఏ గుంటలు?"

"ఇదిగో, ముందు సగమంతా. అమ్మవారు పోసినట్టు."

"రాళ్లు పెద్దమ్మా. రోడ్డు మీద రాళ్లుంటాయిగా."

"ఏ రోడ్డు?"

"మా ఇంటి రోడ్డు! నువ్వూ వస్తావుగా!"

వెర్నా గుడ్డ బల్ల మీద పెట్టేసింది. గ్లెనిస్ పొలం నుంచి తారు రోడ్డుకి రావాలంటే పొడుగునా కంకర రోడ్డే. మాకందరికీ అంతే. పుట్టినప్పటి నుంచి దాని మీదే తిరుగుతాం గనుక అది రోడ్డని గుర్తే గానీ, రాళ్లని గుర్తుండదు. ఇన్నాళ్లూ వేగం గురించి, బలం గురించి, మైదానం గురించి మాట్లాడుకున్నాం. మైదానానికి కారు ఎలా వస్తుందో ఒక్కరికీ తట్టలేదు. ఫాంగ్ అడగలేదు. ఆయన ఊళ్లో కంకర ఎక్కడిది?

ఆ వారమంతా వెర్నా రోజూ సాయంత్రం చెల్లెలింటికి టీకి వెళ్లింది. నాలుగో రోజుకి గ్లెనిస్ నాకు ఫోను చేసింది.

"ఏమే, మా అక్క ఒంట్లో బానే ఉందా? క్రిస్మస్‌కి కూడా రెండు గంటలుండదు. ఇప్పుడు రోజూ వచ్చి బిస్కెట్లు తిని పోతోంది."

"ఆమె బండి కింద చూశావా?"

"కింద ఏముంది?"

"కార్బన్ గొట్టం కట్టుకుని తిరుగుతోంది. మీ రోడ్డు రాళ్లు దానికి తినిపిస్తోంది."

అవతల గ్లెనిస్ నవ్వింది. ఆ ఏడాదిలో ఆ కారు గురించి ఆమె నవ్వగా విన్నది అదే మొదలు. "నేనింకా నా మీద ప్రేమనుకున్నానే!"

వారం తర్వాత గొట్టం విప్పి తుడిస్తే మచ్చ లేదు. అద్దంలా ఉంది. యంత్రానికి బిగించి సుద్దగీత గీసింది. ముల్లు సగం దాకా కూడా ఎక్కలేదు, ఫట్‌మంది. రాళ్ల దెబ్బలన్నీ లోపలే దాచుకుందన్నమాట. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"కింద రేకు అడ్డం పెట్టరాదూ?" అన్నాడు కెవ్.

"పెట్టి చూశాను. పొగ గొట్టం వేడంతా లోపలే ఉండిపోతుంది. కొసల్లో జిగురుంది, వేడికి మెత్తబడుతుంది."

ఆ ఆదివారం తల్లినీ కూతుర్నీ ఇద్దర్నీ పిలిచి వెర్నా చెప్పింది. "షాఫ్టు కార్బన్‌దే. ఈ షాఫ్టు పక్కన నా పిల్లనైనా కూర్చోబెడతాను గ్లెనిస్. కానీ కంకర మీద ఒక్క గజం తిరగకూడదు. ఇంటి దగ్గరే ట్రైలర్ ఎక్కాలి, మైదానంలోనే దిగాలి."

టీగన్ లేచి నిలబడింది. "ట్రైలర్ మీదా? మన మెయిన్ రోడ్డు మీద? పెద్దమ్మా, సిగ్గుతో చచ్చిపోతాను!"

"సిగ్గుతోనే అయితే ఫర్వాలేదు," అంది గ్లెనిస్.

నవ్వొచ్చే మాటే గానీ, టీగన్ బాధ మాకు అర్థమైంది. సొంత చక్రాల మీద రాలేని బండిని మా వైపు బండి అనరు. అలాంటివాటికి పెట్టే పేర్లు నేనిక్కడ రాయలేను. ఎన్నో ఏళ్లుగా ఆ పేర్లు అందరికంటే గట్టిగా అరిచింది టీగనే.

"సరే, తారు రోడ్డు దాకా ట్రైలర్. అక్కడ దించేస్తాను. ఊళ్లోకి నేనే నడుపుకొస్తాను."

"తారు రోడ్డు మీద రాళ్లు లేవా? కోత లారీలు ఈడ్చుకొచ్చినవి?" అంది వెర్నా.

గ్లెనిస్ కూతురి మొహం చూసింది. మలుపు తిరగ్గానే ఇది బండి దించేస్తుంది అని ఆమెకి అనిపించినట్టుంది. "ట్రైలర్ నేను లాగుతాను," అంది.

అలా ఆ ఈస్టరు శనివారం, తొమ్మిది గంటలకి, చర్చికి వేసుకునే నీలం గౌనులో గ్లెనిస్ రాష్ తన పొలం బండితో, గడ్డి మోపులు తెచ్చే ట్రైలర్ మీద వెయ్యి గుర్రాల యూట్‌ని లాక్కుంటూ మా మెయిన్ రోడ్డు మీదికి వచ్చింది. పక్క సీట్లో టీగన్ టోపీ ముక్కు దాకా లాక్కుని కూర్చుంది. జనమంతా నా కొట్టు ముందే ఉన్నారు.

"గ్లెనిసమ్మా! యూట్‌కి కాళ్ల నొప్పులా?" అని అరిచాడు కెవ్.

గ్లెనిస్ బండి ఆపి, అద్దం దించి అంది. "కాళ్లు బానే ఉన్నాయిరా. నీ బండి లాగా ఇల్లిల్లూ తిరిగే అలవాటు లేదు దానికి."

టీగన్ టోపీ పైకి జరిగింది.

మొదటి పరుగు చూసే ధైర్యం గ్లెనిస్‌కి లేకపోయింది. అటు తిరిగి నిలబడి, "అయిందా? అయిందా?" అని నా చెయ్యి నలిపేసింది. అయింది. అంతకుముందెన్నడూ పోనంత వేగంగా పోయింది, తిన్నగా పోయింది. రెండోదీ గెలిచింది. ఇక ఫైనల్ ఒకటే మిగిలింది.

ప్రతి పరుగు తర్వాతా వెర్నా యూట్ కిందికి దూరి, యాభై సెంట్ల బిళ్లతో షాఫ్టుని ఈ కొస నుంచి ఆ కొసకి తడుతూ పోతోంది. లోపల పొర విడితే చప్పుడు మొద్దుబారుతుందని ఫాంగ్ చెప్పాడట. గ్లెనిస్ వంగి చూస్తూ అడిగింది. "నేనూ తట్టనా?"

"గౌను పాడవుతుందే."

"పాడైతే పాడవనీ."

అక్కాచెల్లెళ్లిద్దరూ కారు కింద వెల్లకిలా పడుకున్నారు. నాలుగు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. టిక్, టిక్, టిక్. మధ్యకి వచ్చేసరికి ఆగింది. మళ్లీ అక్కడే టిక్, టిక్.

"అక్కా, ఇక్కడ వేరుగా లేదూ?"

"ఏదీ." టిక్. చాలాసేపటికి మళ్లీ టిక్. "ఏమోనే. నాకు తేడా తెలియలేదు. ఇప్పుడు నువ్వన్నాక తెలుస్తున్నట్టే ఉంది."

టీగన్ హెల్మెట్ పెట్టుకుని పక్కనే నిలబడింది. అవతల పేరు పిలుస్తున్నారు. ఇద్దరూ బయటికి వచ్చారు. గ్లెనిస్ అక్క వైపే చూస్తోంది. మాట ఇచ్చింది వెర్నా.

"ఇప్పుడు చెప్పలేనే టీగన్," అంది వెర్నా. "ఆ రోజు మీ అమ్మకి చెప్పిన మాట ఇప్పుడు చెప్పలేను."

"అమ్మ చెవిని నమ్మేనా పెద్దమ్మా? మీటరు లేదు, ఏమీ లేదు!"

"అమ్మ చెవిని నమ్మే."

టీగన్ అవతలి వరసలో ఆగి ఉన్న కారు వైపు చూసింది, తల్లి గౌను వీపు నిండా అంటిన మట్టి వైపు చూసింది. హెల్మెట్ తీసి తొట్టిలోకి విసిరింది. "ట్రైలర్ తెండి," అంది.

ఈస్టరు అయ్యాక మంగళవారం వెర్నా నా కొట్టులోకి తల పెట్టి పాస్టీలు ఎక్కువ చెయ్యమంది. ఆ షాఫ్టుని విప్పి యంత్రానికి బిగించింది. అనుమానం పడ్డాక దాని పక్కన ఎలాగూ ఎవర్నీ కూర్చోబెట్టదు. అనుమానం తీరాలంటే దాన్ని విరగ్గొట్టడం తప్ప వేరే దారి లేదు. తీరితే షాఫ్టు ఉండదు, షాఫ్టు ఉంటే అనుమానం పోదు. ఈ చిక్కు నాకు ఎన్నిసార్లు ఆలోచించినా వింతగానే ఉంటుంది.

ఆ రోజు గ్లెనిస్ కూడా వచ్చింది, సొంత కుర్చీ తెచ్చుకుని. సుద్దగీత ఆమె చేతే గీయించారు. ముల్లు కదిలింది. రాళ్లు తిన్న గొట్టం విరిగిన చోటు దాటింది. ఉక్కు మూలిగిన చోటు దాటింది. మొదటి కార్బన్ పేలిన చోటు దాటి ఇంకా ఎక్కుతోంది. గీత తిన్నగా ఉంది. ఫట్‌మనేసరికి గలాలు సైలో మీంచి లేచిపోయాయి.

నిక్షేపంలాంటి షాఫ్టు.

"అంటే నేను తప్పు విన్నానా?" అంది గ్లెనిస్ మెల్లగా.

వెర్నా చీపుర్లు రెండూ చేతిలోకి తీసుకుని ఎండకి తిప్పి చూస్తోంది. "ఏదో విన్నావు. ఏం విన్నావో మనకి తెలీదు. ఫాంగ్‌కి పంపిస్తాను, ఆయనకి కూడా తెలీకపోతే ఇంకా బాగుంటుంది, ఇద్దరం కొత్తగా ఏదో నేర్చుకోవచ్చు."

"ఫైనల్ పోయింది కదే అమ్మా!" టీగన్ అరిచింది, కానీ ఆ అరుపులో కోపం సగమే.

"పోయింది," అంది గ్లెనిస్. లేచి కుర్చీ మడిచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఇంకోటి చేయించక్కా. అది వచ్చాక బిగించకముందే నాకు చెప్పు. కొత్తది ఎలా మోగుతుందో ముందు వినాలి."